మల్లేశం గారి సాక్ష్యం

గోరు మీద సిరా చుక్క పెట్టగానే చల్లగా తగిలింది, ఆ వెంటనే మందుల షాపులో వచ్చేలాంటి వాసన. మొన్న ఓటేసినప్పుడు ఆ వాసనకే మల్లేశం గారు గుర్తొచ్చారు. బల్ల దగ్గరి కుర్రాడు నా కార్డు చూశాడు, నా మొహం వైపు సరిగ్గా చూడను కూడా లేదు. పోనీలే, పని చకచకా అయిపోయింది. కానీ ఒకప్పుడు నా ఓటు దక్కింది, ఒక మనిషి నా మొహం చూసి చెప్పిన మాట వల్ల. ఆయన్ని మీరెవరూ ఎరగరు కాబట్టి చెప్పాలనిపించింది.

తొంభైలలో మేము హైదరాబాదు చిక్కడపల్లిలో కిరాయికి ఉండేవాళ్లం. నాన్న గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. మా గల్లీ చివర మేడ మీద మల్లేశం గారి టైపు ఇన్‌స్టిట్యూట్. అశోక్‌నగర్ నుంచి, నారాయణగూడ నుంచి కూడా పిల్లలు వచ్చేవాళ్లు. ఆయన మా చేతుల మీద తువ్వాలు కప్పేవారు. అక్షరాలు చూడకుండా కొట్టాలి. తాను కిటికీ దగ్గర పేపరు చదువుకుంటూ, వెనక్కి తిరక్కుండానే "చిటికెన వేలు బద్ధకం చేస్తున్నది బిడ్డా" అనేవారు. చప్పుడును బట్టే మెషిను మీద ఎవరున్నారో చెప్పేసేవారు. అప్పట్లో నాకు ఒళ్లు మండేది. ఇవాళ నా వేళ్లు తడబడకుండా నడుస్తున్నాయంటే ఆ తువ్వాలు పుణ్యమే.

ప్రతి ఎన్నికలోనూ ఆయన తన పార్టీ తరఫున బూత్‌లో ఏజెంటుగా కూర్చునేవారు. మా నాన్నది ఎదుటి పార్టీ. సాయంత్రం మెట్ల మీద చాయ్ తాగుతూ ఇద్దరూ గొంతులు చించుకునేవాళ్లు, మర్నాడు మళ్లీ అక్కడే చేరేవాళ్లు. ఫోటో కార్డులు అప్పుడప్పుడే వస్తున్న కాలం. కార్డు లేకపోయినా, అనుమానం వచ్చినా, ఏజెంట్లలో ఒకరు "ఈ మనిషి ఫలానా" అంటే అధికారి ఓటు వేయనిచ్చేవాడు.

నా కార్డు వచ్చింది. పేరు నాదే, నాన్న పేరూ సరిగ్గానే ఉంది, ఫోటోలో మాత్రం గుబురు మీసాల ఆసామి! "కట్నం లేకుండా అల్లుడు దొరికాడే" అని అమ్మ పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అది నా మొదటి ఓటు. ఇస్త్రీ చీర కట్టుకుని మరీ వెళ్లాను.

అధికారి కార్డు తిప్పి తిప్పి చూశాడు. "ఈ ఫోటో మీది కాదు కదమ్మా. ఇక్కడ మిమ్మల్ని ఎరిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

మా పార్టీ ఏజెంటు భోజనానికి వెళ్లాడు. అమ్మానాన్నలు పొద్దున్నే ఓటేసి నల్లకుంటలో ఎవరిదో పెళ్లికి వెళ్లిపోయారు. బెంచీ మీద మల్లేశం గారొక్కరే. ఆయన్ని కాసేపు భోజనానికి పంపడానికి వచ్చిన వాళ్ల పార్టీ యువకుడు పక్కనే నిలబడి గొణిగాడు. "సప్పుడు చెయ్యకు అన్నా. వాళ్లింట్ల ఓట్లన్నీ అటే." నాకు స్పష్టంగా వినబడింది.

మల్లేశం గారు లేచి నిలబడ్డారు. "ఈ బిడ్డ నాకు ఎరుకే సార్. మా గల్లీల్నే పెరిగింది, నా దగ్గర్నే టైపు నేర్చుకుంటది. ఫోటో గలత్ పడ్డది గని మనిషి అసలే." కూర్చోబోయి మళ్లీ అన్నారు. "ఓటు మాకు పడది. గది గూడ నాకు ఎరుకే."

బూత్‌లో అందరూ ఘొల్లుమన్నారు. నేను ఓటేసి అట్ట మరుగు నుంచి ఇవతలికి వచ్చేసరికి నవ్వులు ఆగిపోయి ఉన్నాయి. బల్ల ముందు ఒక కుర్రాడు ఎవరిదో పేరు చెప్పి నిలబడ్డాడు. మల్లేశం గారు నేల చూపులు చూస్తూ అంటున్నారు. "ఈయన గాయన కాదు సార్. మా అక్క కొడుకు. వీని ఓటు ఈడ లేదు."

ఆ ఓటు పడి ఉంటే వాళ్ల పార్టీకే పడేది. ఆ అక్క తర్వాత ఆయన గడప తొక్కలేదు, ఆయన కూతురి పెళ్లికి కూడా రాలేదు. పెళ్లి పందిట్లో ఆయన వీధి వైపే చూస్తుంటే నాకు దుఃఖం ఆగలేదు.

ఓటేసిన మర్నాడు నేను ఉత్సాహంగా, "మీలాంటివాళ్లు ఉండగా ఇక కార్డులెందుకండీ?" అన్నాను. మెచ్చుకుంటారనుకున్నాను. కస్సుమన్నారు.

"గట్లనకు. నిన్న నేను నోరు మూసుకుంటే ఏం చేస్తుంటివి? నీ ఓటు నా దయ మీద ఉండుడేంది? కార్డు ఉండాలె, అందరికీ ఉండాలె, సరిగుండాలె."

"మరి మీసాలాయన కార్డు పట్టుకుని నేనేం చేయను?"

"సరిజేపిద్దాం పా" అని నాలుగుసార్లు నాతో ఆఫీసుకు తిరిగారు. దారంతా మా నాన్న పార్టీని తిడుతూనే.

కార్డు ఉండి తీరాల్సిందేనా అంటే నాకింకా పూర్తిగా తేలలేదు. మొన్న నేను బయటికి వస్తుంటే, మా అపార్ట్‌మెంటులో ఒంటరిగా ఉండే కమల పిన్నిగారిని కార్డు తేలేదని వెనక్కి పంపుతున్నారు. "ఈవిడ నాకు తెలుసండీ" అన్నాను. "మీకు తెలిస్తే సరిపోదు మేడమ్" అన్నాడు ఆ కుర్రాడు. చిర్రెత్తుకొచ్చింది. మల్లేశం గారైతే ఏమనేవారో తట్టి నోరు మూసుకున్నాను. ఆవిడ మోకాళ్ల నొప్పితో, "పోనీలేవే, నా ఒక్క ఓటుతో ఏమవుతుంది" అంటూ ఇంటి దారి పట్టబోయింది.

ఆటో పిలిచి ఎక్కించాను. ఇంటికెళ్లి బీరువాలోంచి కార్డు తీయించి, మళ్లీ అదే ఆటోలో బూత్‌కు తీసుకొచ్చాను. రానూపోనూ ఆవిడ నేను ఓటేసిన పార్టీని దుమ్మెత్తి పోస్తూనే ఉంది. గేటు దగ్గర ఆటో ఆగినా ఆపలేదు.

"తిట్టండి పిన్నిగారూ, ఎంతైనా తిట్టండి" అన్నాను, చెయ్యి అందిస్తూ. "ముందు దిగండి, గేటు మూసేస్తారు."