ఎనిమిదో రెడ్డెమ్మ

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. పుంగనూరులో పద్దెనిమిదేళ్లుగా ఫోటో స్టూడియో నడుపుతున్నాను. పాస్‌పోర్ట్ సైజు ఫోటోలో ఎంత అందగాడైనా దయ్యంలాగే పడతాడు. రోజూ అలాంటి మొహాలు చూసేదాన్ని, ఇంకో దయ్యం వచ్చి నన్నేం భయపెడుతుంది? మా ఆయన పిల్లి అరిచినా లేచి కూర్చుంటాడు. నేను దుప్పటి ముసుగేసుకుని నిద్రపోతాను. అలాంటిదాన్ని ఇప్పుడు ఇది చెబుతున్నానంటే నాకే వింతగా ఉంది.

ముందు మా స్టూడియో పద్ధతి చెప్పాలి. ఫోటోలు కత్తిరించి చిన్న కవర్లో వేసి, పైన మనిషి పేరు రాసి డబ్బాలో పెడతాను. పేరు మాత్రమే. ఇంటిపేరు, ఊరు రాయను. ఈ బద్ధకం ఎప్పుడో నా కొంప ముంచుతుందని మా ఆయన అంటూనే ఉంటాడు.

మా వైపు పిల్లలు కలగాలని రెడ్డెమ్మ తల్లికి మొక్కుకుంటారు. పుడితే ఆ పేరే పెడతారు. అందుకని నా డబ్బాలో ఎప్పుడు చూసినా నలుగురైదుగురు రెడ్డెమ్మలు ఉంటారు. ఎవరైనా వస్తే ఆ కవర్లన్నీ విప్పి బల్ల మీద పరుస్తాను, వాళ్ల మొహం చూసుకుని వాళ్లే తీసుకుంటారు. ఇన్నేళ్లలో తప్పు జరిగింది ఒక్కసారే.

రెండేళ్ల కిందట, ఉగాది దాటిన పది రోజులకు, సునీత అనే అమ్మాయి ఐదు నెలల బిడ్డతో వచ్చింది. చౌడేపల్లె దగ్గర మేనమామ ఇంట్లో పురుడు పోసుకుందట. ఆ సాయంత్రమే భర్తతో కుప్పం, అత్తగారింటికి ప్రయాణం. బిడ్డ పేరు అడిగితే రెడ్డెమ్మ అంది. నాకు నవ్వు ఆగలేదు. నా డబ్బాలోని రెడ్డెమ్మలందరూ పింఛను వయసు వాళ్లు, ఈమెకేమో ఇంకా పళ్లు కూడా రాలేదు.

"మాయమ్మ పేరక్కా. నాకు మూడేండ్లప్పుడే సచ్చిపోయింది. పెండ్లి ఫోటో ఒకటుంటే అది వానకు తడిసి మొగమంతా పోయింది" అంది సునీత. బిడ్డ బుగ్గ తుడుస్తూ మళ్లీ తనే అంది, "అందరూ దీనికి మాయమ్మ మొగమే వచ్చిందంటారు. నిజమో అబద్ధమో నాకెట్ల తెలుస్తాది? దీన్నే సూసుకుంటా ఉంటా."

గిలక్కాయ ఊపి, పిల్లిలా అరిచి, ఎలాగో బిడ్డ ఫోటో తీశాను. సాయంత్రం బస్సు వేళకు సునీత భర్త పరుగున వచ్చి "రెడ్డెమ్మ" అన్నాడు. డబ్బాలో ముందున్న కవరు తీసి ఇచ్చేశాను. నేను పరిచి చూపించలేదు, అతనూ విప్పి చూడలేదు.

మూడో రోజు సునీత ఫోన్ చేసింది.

"ఏమక్కా, బిడ్డ ఫోటో ఇమ్మంటే ఎవురో ఆయమ్మది ఇచ్చిండావే! ఎనిమిది ఉంటే ఒకటి ఇది అప్పుడే నమిలేసింది" అని పకపకా నవ్వింది.

వాట్సాప్‌లో ఆ ఫోటో పంపింది. ముప్పై లోపు మనిషి, నుదుట పెద్ద బొట్టు, పెదవి మీద చిన్న నవ్వు. ఆమెను నేను ఎప్పుడూ చూసిన గుర్తు లేదు. కవరు మాత్రం నాదే, పైన పేరు నా చేతిరాతే. తప్పు ఒప్పుకుని, అసలు ఫోటోల కోసం ఎవరినైనా పంపమన్నాను.

మరునాడు ఆమె మేనమామ వచ్చాడు. మదనపల్లె మార్కెట్లో టమాటా దించి తిరిగి వస్తున్నాడు. బిడ్డ కవరు ఆయనకు ఇచ్చి, ఫోన్ చూపించి, "పెద్దాయనా, ఈ రెడ్డెమ్మ మీ పక్క ఊళ్లలో ఆమేనా? పాపం ఆమె ఫోటోలు కుప్పం పోయినాయి" అన్నాను.

ఆయన ఫోన్ దూరంగా పెట్టి చూశాడు. దగ్గరగా పెట్టి చూశాడు. మెల్లగా బెంచీ మీద కూర్చున్నాడు.

"ఇది మా చెల్లెలు గదమ్మా. యాడిది నీకీ ఫోటో?"

ఈమె సునీత వాళ్లమ్మ అని అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. మనిషిని పోలిన మనుషులు ఏడుగురుంటారు కదా అన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"చెవి సూడమ్మా. సునీత సంకలో ఉండంగా కమ్మ పట్టుకొని లాగితే తెగిండేది. కుట్టిచ్చుకోమంటే, నా బిడ్డ గుర్తు, ఉండనీలే అనింది."

పెద్దది చేసి చూశాను. ఎడమ చెవి తమ్మె నిజంగానే రెండుగా చీలి ఉంది. పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. నా ఫోన్ నుంచి ఆయనే సునీతకు చెప్పాడు. అవతల నుంచి వినబడిన మొదటి మాట ఇది: "అయితే మామా, ఇది నమిలింది మాయమ్మనా?"

ముగ్గురం నవ్వాం. ముగ్గురం ఏడ్చాం కూడా.

ఆయన పోయాక షట్టర్ సగం దించి అన్నీ వెతికాను. కంప్యూటర్లో ఆ రోజుల ఫైళ్లలో బిడ్డతో కలిపి ఏడుగురు రెడ్డెమ్మలే ఉన్నారు. కవర్లు మాత్రం కుప్పం పోయినది, పెద్దాయన తీసుకుపోయినది కలిపి ఎనిమిది. కెమెరాలో నంబర్లు వరుసగా ఉన్నాయి, మధ్యలో ఒక్కటి కూడా తగ్గలేదు. పాత ఫోటో ఎవరైనా కాపీకి ఇచ్చారేమో అనుకుందామంటే, ఆమె వెనక ఉన్నది నా నీలం గుడ్డ. ఆ ఉగాదికి కొన్నదే. అంచు చిరిగితే నేను వేసిన వంకర కుట్టు ఆమె భుజం పక్కన కనబడుతోంది. పైగా ఆమె నవ్వుతోంది. ఆఫీసుల్లో వెనక్కి పంపుతారని నా స్టూడియోలో పాస్‌పోర్ట్ ఫోటోకు నేనెవరినీ నవ్వనివ్వను.

మరుసటి నెల సునీత ఆ ఫోటోలు తెచ్చింది. మదనపల్లె ల్యాబ్‌లో పెద్దది చేయించి ఫ్రేమ్ కట్టించి ఇచ్చాను. ఒకటి మాత్రం అడిగి తీసుకుని, మా షాపు ముందు అద్దాల బీరువాలో పెట్టాను. ఇది బతికున్న మనిషిదైతే ఎప్పుడో ఒకరోజు వచ్చి నాదే అంటుంది, లెక్క తేలిపోతుంది అని నా పట్టుదల. ఏడాదిన్నర దాటింది. మిగతా రెడ్డెమ్మలందరూ ఎవరి ఫోటోలు వాళ్లు పట్టుకుపోయారు. దీని కోసం ఎవరూ రాలేదు.

మొన్నీమధ్య సునీత వచ్చింది. బిడ్డ ఇప్పుడు పరుగులు పెడుతోంది. సునీత బీరువా ముందు చాలాసేపు నిలబడి, లోపలికొచ్చింది.

"అక్కా, దాన్ని ఆడ నుంచి తీసెయ్. ఎవురన్నా వచ్చి నాదంటే నేనేం జేసేది?"

"అప్పుడు నిజం తెలుస్తుంది కదమ్మా" అన్నాను.

"నాకొద్దక్కా ఆ నిజం. మాయమ్మ సచ్చిపోయినప్పుడు నాకేమీ తెలీలేదు. ఈసారి మాయమ్మ పోతే నాకు తెలుస్తాది."

నేను బీరువా తెరిచి ఫోటో తీసి ఆమె చేతిలో పెట్టాను. అది నా డబ్బాలోకి ఎలా వచ్చిందో ఈరోజుకీ నాకు తెలియదు. తెలుసుకోవడానికి ఉన్న ఒక్క దారినీ నా చేత్తోనే మూసేశాను. అందుకు నాకేమీ బాధ లేదు.