టేపుకు ఊడని పొర

నవంబరు పన్నెండు, బుధవారం. తెల్లవారుతూనే మా మేడమ్ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఆసుపత్రిలో చేరాక ఆమె మాట్లాడటం మానేసి, ఓపికున్నప్పుడు రెండు ముక్కలు మెసేజీ పెట్టేవారు. చాలా రోజులకు ఆమె గొంతు వినబోతున్నానని ఆశ్చర్యంగా, సంతోషంగా ఎత్తాను. అవతల ఆమె తమ్ముడు.

"అక్క పోయిందప్పా," అన్నారు.

మేడమ్ నా పరిశోధనకు గైడు. పుట్టి పెరిగింది బెంగళూరు పాత పేటలో, తరాల కిందట వచ్చి స్థిరపడిన తెలుగింట్లో. గుంటూరు నుంచి వచ్చిన నన్ను మొదటిరోజే "ఏమప్పా" అని పిలిచారు.

"నేను ఆడపిల్లను కదా మేడమ్, అప్పా ఏంటండీ?"

"మా పేటలో ఆవునైనా అప్పా అంటాము. నువ్వేం దానికన్నా ఎక్కువా?"

విరిగి, కొంత ముక్క పోయిన ఎముక చోట పెట్టడానికి మేము పాలిమర్ రేకులు చేస్తాం. ఒంటికి అది పరాయి వస్తువు. అందుకే దాని మీద ఎముకలో ఉండే ఖనిజాన్నే పల్చటి పొరగా పెంచాలి. రక్తంలో ఉండే ఉప్పులను నీళ్ళలో ఒకటి కరిగాక ఒకటి కలిపి, ఒంటి వెచ్చదనంలో సీసాను ఉంచి, రేకును అందులో దించి, ఆ నీళ్ళు మారుస్తూ రోజుల తరబడి ఎదురుచూడాలి.

మొదటిసారి నా రేకు తెల్లబడినప్పుడు వరండాలో పరుగెత్తాను. మేడమ్ చేతిసంచీలోంచి టేపు చుట్ట తీసి, ముక్క తుంచి, రేకు మీద అదిమి లాగారు. తెలుపంతా టేపుకే వచ్చేసింది.

"ఇది పైనుంచి పడిన మడ్డి అప్పా. కిందికి చూసే వైపు పెరిగేదే మనది. కప్పుకుంటే చాలదు, పట్టుకోవాల."

"కిందివైపు ఏమీ లేదుగా మేడమ్."

"లేదని తెలిసింది కదా. పో, కాఫీ తాగొచ్చి సీసా కడుగు."

నాకు మాటల మీద ఇష్టం కలిగిందీ ఆమె వల్లే. నివేదికలో 'అద్భుతంగా ఉంది' అని రాస్తే కొట్టేసి, "ఏముందో అది రాయి," అనేవారు. తర్వాత కిందివైపూ పొర పెరిగింది. కానీ ప్రతిసారీ టేపుకు ఊడొచ్చింది. అదే రాశాం.

మేడమ్‌కు రొమ్ములో మొదలైన క్యాన్సర్ ఎముకలకు పాకింది. తొడ ఎముక దానంతటదే విరిగితే లోపల కడ్డీ వేశారు. నేను చూడటానికి వెళ్ళినప్పుడు ఆమె స్కాన్ ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టి, మా రేకుల్ని చూసినట్టే చూశారు.

"ఎట్లా తినేసి ఉండాదో చూడప్పా."

"మన పొర మీకు..." అనబోయాను.

"మనది ఇంకా సీసాలోనే ఉండాది. అబద్ధాలొద్దు."

ఆ మంచం మీది నుంచే కొత్త దారి చెప్పారు. సీసాలో దించే ముందు రేకును క్షారంలో నానబెట్టి, పొరకు పట్టు దొరికేలా గరుకు చేయాలి. అలాగే చేసి కొత్త రేకును సీసాలో దించాను. నిన్న సాయంత్రం మెసేజీలో అడిగారు: "నీళ్ళు మార్చినావా?" మార్చానని వెంటనే జవాబిచ్చాను. ఆమె చదివినట్టు గుర్తు ఇంకా పడలేదు. ఇక పడదు.

మధ్యాహ్నం విద్యుత్ శ్మశానం బయట తమ్ముడు నా చేతిలో టేపు చుట్ట పెట్టారు. "ఆసుపత్రికీ తెచ్చుకోనుండాది. దేనికో నీకే తెలియాల. రేపు పొద్దున ఎముకలు తీసుకోవాల, నువ్వూ రాప్పా."

మొదటి క్లాసులో ఆమె పొటేలు ఎముకను మంటలో కాల్చి చూపించారు. మెత్తనిదంతా పోయి తెల్లటి ఖనిజం మిగిలింది. వేలితో నొక్కితే పొడైంది. "పట్టుకోనుండేది పోతే ఇంతే," అన్నారు. రేపు నేను చూడబోయేది అదే.

రేపు పొద్దున ఆరింటికి శ్మశానానికి వెళ్తాను. అక్కడి నుంచి తిన్నగా ల్యాబుకు. రేకును బయటికి తీయాల్సిన రోజు రేపే. కడిగి, ఆరబెట్టి, కిందివైపు పైకి తిప్పి, మేడమ్ టేపులోంచి ఒక ముక్క తుంచి, అదిమి, లాగుతాను.