పోతరాజుకు కప్పిన శాలువా

మొన్న అక్కయ్యను చూసి వస్తూ, టీ తాగుదామని తొండుపల్లి దగ్గర కారు ఆపాను. నెత్తిమీదుగా విమానం దిగుతుంటే అలవాటు కొద్దీ తలెత్తాను. టీ బంకు ముందు మా బావగారు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని నవ్వుతూ వేలాడుతున్నారు. కంగారు పడకండి, అది మనిషి కాదు, ఫ్లెక్సీ. ఎండ పడకుండా బంకావిడ పరదాలా కట్టుకుంది. ఏళ్ళ తరబడి ఎండకు ముఖం వెలిసింది కానీ నవ్వు అలాగే ఉంది. నేను అటే చూస్తుండడం గమనించి ఆవిడ, "మంచి గట్టిదక్కా. ఎన్ని గాలివానలొచ్చినా సినగలే" అంది. ఫ్లెక్సీని మెచ్చుకుందో, బావగారిని మెచ్చుకుందో నేను అడగలేదు. రెండూ నిజమే.

మా బావగారిది గుడివాడ వైపు. బ్యాంకు ఉద్యోగం ఆయన్ని హైదరాబాదు తెచ్చింది, అప్పట్లో చవగ్గా దొరికిన స్థలం శంషాబాదు తెచ్చింది. రిటైరయ్యాక ఏమీ తోచక అక్కయ్య కూర తరుగుతుంటే పక్కన నిలబడి, ముక్కలన్నీ ఒక్క సైజులో లేవని చెప్పడం మొదలుపెట్టారు. "ఈయన్ని ఎక్కడైనా చేర్పించండి బాబూ" అని అక్కయ్య మొరపెట్టుకుంటే, పక్కింటాయన తీసుకెళ్ళి మా పేట సేవాక్లబ్బులో చేర్పించాడు. చూస్తుండగానే అధ్యక్షుడయ్యారు. అక్కయ్య వంకాయలు తనకు నచ్చిన సైజులో తరుక్కుంది.

క్లబ్బు మంచి పనులే చేసేది. ఎండాకాలం హైవే పక్కన చలివేంద్రం, చలికాలం దుప్పట్లు, వానలు పడగానే హిమాయత్ సాగర్ వైపు మొక్కలు. కాకపోతే ఏ పనికైనా ఒక వరస ఉండేది. ముందు సభ మొదలైందని గంట కొట్టాలి, తర్వాత శాలువా కప్పాలి, ఆపైన ఫోటో దిగాలి, టైము మిగిలితే సేవ. శాలువాలైతే ఊరంతా తిరిగేవి. ఒకరికి కప్పింది వాళ్ళు ఇంకొకరికి కప్పి, ఆ ఇంకొకరు మరో సభలో మళ్ళీ మాకే కప్పేవారు. ఒకసారి బావగారికి కప్పిన శాలువా అంచున పచ్చడి మరక చూసి అక్కయ్య గుర్తుపట్టింది. "పాపం, పుట్టింటికొచ్చింది" అని బీరువాలో పెట్టింది.

అధ్యక్షుడైన ఏడాది ఆయన చేతిలో చిత్రాలు జరిగాయి. రిబ్బను కత్తిరించమంటే పక్కనున్న పూలదండ కత్తిరించారు. మొక్కకు పోయాల్సిన నీళ్ళు సెక్రటరీ గారి బూట్లలో పోశారు. పెద్దాయన, పరధ్యానం అని అందరూ నవ్వుకున్నారు. మరదలిని కదా, నేను మరికాస్త ఎక్కువే నవ్వాను. ఆ సాయంత్రం అక్కయ్య నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. "నవ్వకే. ఎడమ కంట్లో శుక్లం బాగా ముదిరింది. రెండో కన్ను కూడా అంతంతమాత్రమే. ఇంకా నాన్చితే చూపు తెప్పించడం కష్టమన్నాడు డాక్టరు. ఆపరేషను మాటెత్తితే చాలు, మేడ మీదికి పోతున్నారు. మొన్న రోడ్డు దాటుతూ లారీకి ఎదురెళ్ళారు" అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నా నవ్వు ఎటు పోయిందో తెలియదు.

విచిత్రమేమంటే, కంటి ఆపరేషన్లకు జనాన్ని ఒప్పించడంలో ఆయన్ని మించినవాడు క్లబ్బులో లేడు. అంతకుముందు ఏడాది తొండుపల్లి శిబిరంలో ఒక అవ్వ ఆసుపత్రి వ్యాను ఎక్కినట్టే ఎక్కి, దిగి జొన్నచేలోకి పారిపోయింది. ఈయన గట్టు మీద నిలబడి, "చీమ కుట్టినట్టు కూడా ఉండదమ్మా, నాదీ పూచీ" అని బతిమాలి బయటికి రప్పించారు. ఆసుపత్రి దాకా ఆమె చెయ్యి పట్టుకునే కూర్చున్నారు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితి తొట్టిలో పడ్డట్టు, తన కన్ను దగ్గరికి వచ్చేసరికి ఈ పూచీ ఏమైందో మరి.

ఆ ఏడాది కూడా శిబిరం తొండుపల్లిలోనే, శ్రావణంలో ఒక ఆదివారం. జిల్లా గవర్నరు గారు వస్తానన్నారు. రాజ్‌భవన్‌లో ఉండే గవర్నరు కాదు లెండి, మా క్లబ్బులన్నింటికీ పెద్ద. బావగారు పెద్ద ఫ్లెక్సీ వేయించి వారం ముందే ఊరి మొదట్లో కట్టించారు. అందులో మూడొంతులు ఆయన ముఖం, అడుగున చీమల బారులా శిబిరం వివరాలు.

ఆదివారం పొద్దున్నే బడి ఆవరణలో షామియానా వేసి, కుర్చీలు పరిచి కూర్చున్నాం. డాక్టరమ్మ యంత్రాలు సర్దుకుంది. గంట సిద్ధంగా ఉంది, శాలువా సిద్ధంగా ఉంది, ఒక్క పేషెంటు లేడు. ఊళ్ళోంచి డప్పులు మాత్రం వినిపిస్తున్నాయి. బిందెలో నీళ్ళు తెచ్చిన స్థానికుడు ఒకతను మమ్మల్ని జాలిగా చూశాడు.

"ఇయ్యాల ఊర్ల బోనాలు గద సార్. తానం జేసి బోనమెత్తేటోళ్ళు కంటికి పట్టీ ఎట్ల గట్టుకుంటరు? ఎవలొస్తరు?"

"మరి అంత పెద్ద ఫ్లెక్సీ కట్టాం కదండీ!" అన్నారు బావగారు.

"అది బోనాల శుభాకాంక్షలు అనుకున్నం సార్. ఎవరో కొత్త లీడరు, సర్పంచుకు నిలబడతడేమో అని గూడ అనుకున్నం."

శంషాబాదులో ఇన్నేళ్ళున్నాం. బోనాల నాడు ఇరుగుపొరుగు ఇచ్చిన ప్రసాదం తిన్నాం. కానీ ఏ ఊళ్ళో ఏ ఆదివారమో కనుక్కోవాలని మా సెటిలర్ల బుర్రలకు తట్టలేదు. ఈలోపు గవర్నరు గారి ఫోను: టోల్‌గేటు దాటాం, క్లబ్బు రంగు కదా అని పసుపు జుబ్బా వేసుకొచ్చాను, ఫోటోలు బాగా రావాలి. ఖాళీ కుర్చీల ముందు గంట ఎలా కొడతాం? సెక్రటరీ గారే ఉపాయం చెప్పారు. సభ్యులూ, వాళ్ళ భార్యలమూ అందరం పేషెంట్లమై కూర్చున్నాం. నేను తలమీదుగా కొంగు కప్పుకుని ముందు వరసలో దిగాను. డాక్టరమ్మకు ఈ నాటకం సంగతి తెలియదు. నిజంగానే పరీక్షించి నాకు అద్దాలు మార్చాలంది, కోశాధికారికి షుగరు ఉందేమో చూపించుకోమంది. ఆయన ముఖం పాలిపోయింది.

"మీరూ కూర్చోండి. ఈ వంకతోనైనా చూపించుకోండి" అంది అక్కయ్య మెల్లగా.

"అధ్యక్షుడు కూర్చుంటే గవర్నరు గారిని ఎవరు ఆహ్వానిస్తారోయ్?" అంటూ బావగారు శాలువా తీసుకుని గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు.

డప్పులు దగ్గరపడ్డాయి. బోనాల ఊరేగింపు బడి ముందుకు వచ్చింది. ముందు అమ్మవారి తమ్ముడు పోతరాజు వేషం కట్టినతను. మంచి భారీ మనిషి, ఒళ్ళంతా పసుపు, నడుముకు వేపమండలు, చేతిలో కొరడా. తెరిచిన గేటు, షామియానా, జనం చూసేసరికి ఉత్సాహం వచ్చి చిందేస్తూ నేరుగా లోపలికి వచ్చేశాడు. బావగారికి కనిపించింది పసుప్పచ్చటి పెద్ద ఆకారం, వెనకాల పరివారం. "ఆహా, డప్పులు కూడా ఏర్పాటు చేశారే!" అని మురిసిపోయి ఎదురెళ్ళారు. వద్దని అక్కయ్య కేక వేసింది కానీ ఆ మోతలో ఎవరికి వినపడుతుంది? శాలువా దులిపి పోతరాజు భుజాల చుట్టూ కప్పేశారు. రెండు చేతులూ పట్టుకుని, "తమరి రాకతో మా శిబిరం పావనమైంది" అన్నారు. ఫోటోగ్రాఫరు అలవాటు కొద్దీ నొక్కేశాడు.

డప్పులు ఆగాయి. పోతరాజు శాలువా వంక, బావగారి వంక చూశాడు. జన్మలో అతనికి ఎవరూ శాలువా కప్పినట్టు లేదు. "సల్లగుండు సారూ" అని ఆయన నుదుట ఇంత పసుపు రాశాడు. గేటు దగ్గర అసలు గవర్నరు గారు పసుపు జుబ్బాలో నోరు తెరిచి నిలబడ్డారు.

ఊరంతా నవ్వింది. నేను మాత్రం బావగారి ముఖం చూశాను. ఏదో పొరపాటు జరిగిందని ఆయనకు తెలిసింది, ఏమిటో కనిపించడం లేదు. నవ్వు వినపడిన వైపల్లా చేతులు జోడిస్తున్నారు.

అప్పుడు గుంపులోంచి ఒక ముసలామె వచ్చి ఆయన గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకుంది. జొన్నచేలోకి పారిపోయిన అవ్వే.

"నన్ను గుర్తువట్టినవా సారూ?"

బావగారు గొంతు విని పోల్చుకున్నారు. "అమ్మా, నువ్వా?"

"కన్నుకు పొర వచ్చిందిరా బిడ్డా నీకు. నాకేమో చీమ కుట్టినట్టు గూడ ఉండదంటివి. నీ మాట మీదనే గద నేను పోయిన. ఇగ నువ్వు పో."

"భయమేస్తోందమ్మా" అన్నారు బావగారు. అంత జనంలో, మైకు పక్కనే నిలబడి అన్నారు.

"నాకు గాలేదా? జర కూసో. నేనొస్త ఎంబడి."

చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి డాక్టరమ్మ ముందు కుర్చీలో కూర్చోబెట్టింది. గవర్నరు గారు మంచివారు, శాలువా మాటెత్తలేదు. గంట కూడా ఎవరూ కొట్టలేదు. పోతరాజు ఆ శాలువాతోనే చిందేసుకుంటూ గుడి వైపు వెళ్ళిపోయాడు.

ఆ శిబిరం తరఫున ఆసుపత్రి వ్యాను ఎక్కిన పేషెంటు ఒక్కరే, మా అధ్యక్షుడు. పక్కన అవ్వ, వెనక అక్కయ్య, నేను. దారి పొడుగునా అవ్వ ఆయన చెయ్యి వదల్లేదు. ఆపరేషనయి బయటికొచ్చాక అవ్వ "చీమ కుట్టిందా?" అని అడిగితే, "చిన్నదేనమ్మా" అన్నారు. తర్వాత క్లబ్బువాళ్ళు నల్లకళ్ళద్దాలతో ఆయన ఫోటో తీసి, శిబిరం దిగ్విజయమని ఫ్లెక్సీ వేశారు. ఈసారి ఊరివాళ్ళు చదివి మరీ నవ్వుకున్నారట. ఇప్పుడు టీ బంకుకు నీడ ఇస్తున్నది అదే.

కట్టు విప్పిన రోజు నేనక్కడే ఉన్నాను. బావగారు గోడ చూశారు, కిటికీ చూశారు, పాలగ్లాసుతో వస్తున్న అక్కయ్యను చూసి ఆగిపోయారు. చాలాసేపు చూసి, "జుట్టంతా ఇలా తెల్లబడిందేమిటే? ఎప్పుడు?" అన్నారు. అక్కయ్య గ్లాసు చేతికిచ్చి, "మీరు ఊళ్ళోవాళ్ళకు శాలువాలు కప్పుతున్నప్పుడు" అంది.

ఆయన పాలు తాగలేదు. గ్లాసు పక్కన పెట్టి, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. ఆ తెల్లవెంట్రుకలు ఆయనకు ఒక్కరోజున కనిపించాయి కానీ, ఒక్కరోజున వచ్చినవి కావు. మొన్న ఆ బంకు ముందు టీ తాగుతూ కారు అద్దంలో నన్ను నేను చూసుకుంటే, నావీ అంతే.