అమావాస్యనాటి బిల్లు

మా బావ మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. తగ్గాలని కూడా లేదు. బావంటే మా అక్క మొగుడు, పెందుర్తిలో కాంట్రాక్టరు. నేను స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేసేవాణ్ణి, ఉక్కునగరంలో క్వార్టరు.

నేను మోజుపడ్డ ఆ మోటారు సైకిలు దొరకడం అంటే మాటలు కాదు. కంపెనీ చేసేదే తక్కువ. మా వైపు షోరూముకి నెలకొకటి పంపితే గొప్ప. అదీ మనకి నచ్చిన రంగు కాదు, వాళ్ళకి తోచిన రంగు. పేరు రాయించుకుని వరుసలో ఉండాలి. నాది తొమ్మిదో పేరు. ముందున్న ఎనిమిది మందీ ఒక్కొక్కరే బళ్ళు తీసుకుపోతుంటే నెలనెలా వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి. చివరికి నా వంతు వచ్చింది.

ఆ సంతోషంలో నోరు ఆగిందా? ఆదివారం అక్క ఇంట్లో భోజనం దగ్గర, అక్క వంటింట్లో ఉండగా, ఫోనులో బండి ఫొటో బావకి చూపించాను. షోరూము పేరు, వరుస సంగతి, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను.

"నీకెందుకు బావా అంత బండి? ప్లాంటు బస్సుంది కదేటి" అని చేపల పులుసు కలుపుకుంటూ నవ్వాడాయన. నన్నూ బావా అనే పిలుస్తాడు. నేనూ నవ్వాను, వెర్రివెధవని.

వారం తిరక్కుండా షోరూము మేనేజరు నా వంక చూడకుండా చెప్పాడు. "మీ ముందుకి ఒక పేరొచ్చిందండి. ఓనరు గారి మాట, నాదేటీ నేదు." ఎవరి పేరని అడిగితే నసిగాడు. బల్ల మీద రిజిస్టరు తెరిచే ఉంది. ఇంటిపేరుతో సహా మా బావ పేరు. ఆ షోరూము వెనక షెడ్డు కట్టించింది ఆయనే. ఒళ్ళు మండిపోయింది. అయినా బావతో గొడవ పెట్టుకోలేదు, అక్కకి చెప్పలేదు. నాకూ ఒక రోజు రాకపోతుందా అని పళ్ళు నూరుకుంటూ ఊరుకున్నాను.

నెల చివర్లో బండి వచ్చిందని తెలిసి, మర్నాడు డ్యూటీ దిగి చూడ్డానికి వెళ్ళాను. ఎందుకంటే ఏం చెప్పను? పుండు గోక్కోవడానికి. ఆ రోజు అమావాస్య. మేనేజరు ఫోను స్పీకరులో పెట్టి మా బావని బతిమాలుతున్నాడు.

"బిల్లొక్కటి ఇయ్యాల సేయించుకోండి సార్, బండి విదియనాడే ఇచ్చేత్తాను. ఇయ్యాలతో నెల సరి. సాయంత్రంలోగా బిల్లవకపోతే కంపెనీవోళ్ళు దీన్ని ఇంకో ఊరు పంపించేత్తారు. వచ్చే నెల మనకి బండే ఇవ్వరు."

"అమాస తారీకున నా పేరు మీద కాయితం పుట్టకూడదు. మీ కంపెనీని రెండ్రోజులాగమను. ఆగుతాదిలే" అని బావ ఫోను పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

మా వైపు అమావాస్యనాడు ఇనప గరిటె కూడా కొనరు. నాకూ ఆ భయం లేకపోలేదు. కానీ కసి దాన్ని మించిపోయింది. బ్యాంకు లోను కాగితం నెల రోజులుగా నా సంచీలోనే ఉంది. తీసి బల్ల మీద పెట్టాను.

"నా పేరున కొట్టండి బిల్లు."

"అమాసండీ..."

"నా మొహానికి అదే మంచిరోజు. కొట్టండి!"

కొట్టాడు. కొబ్బరికాయ కొట్టడానికి మాత్రం షోరూములో ఒక్కడూ ముందుకి రాలేదు. నిమ్మకాయలు నేనే తెచ్చి చక్రాల కింద పెట్టి తొక్కించాను. ఇంటికి వెళ్ళలేదు. తిన్నగా పెందుర్తి పోయి, బావ గుమ్మం ముందు ఆపి హారన్ కొట్టాను. ఒకసారి కాదు, వీధంతా తలుపులు తీసేదాకా.

బావ లుంగీ మీద బయటికి వచ్చాడు. "ఏటి బావా ఇది?"

"బండి బావా! నీకోసం ఆగలేదు పాపం."

ఆయన మొహం మాడిపోయింది. లోపలికి పోయి కిటికీ దగ్గర నిలబడ్డాడు. కుక్క కాటుకి చెప్పు దెబ్బ! ఆ క్షణం నాకు కలిగిన సుఖం ఇంత అని చెప్పలేను. ఇప్పుడు తలుచుకున్నా బాగానే ఉంటుంది.

అప్పుడు అక్క వచ్చింది. తడి చేతులు చీర కొంగుకి తుడుచుకుని సీటు మీద చెయ్యి వేసింది.

"ఇది నువ్వు రాయించుకున్న బండేట్రా? నాకు తెల్దు. విదియనాడు దీని మీద సబ్బవరం అమ్మోళ్ళింటికి తీసుకెళ్తానన్నాడు మీ బావ. పెళ్ళయి పంతొమ్మిదేళ్ళు, ఒక్కపాలీ నన్ను బండెక్కించుకోనేదు. సీర కూడా తీసి పెట్టుకున్నాను."

'ఎక్కు అక్కా, నేను తీసుకెళ్తాను' అనడానికి ఎంతసేపు? ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కిటికీలో బావ చూస్తున్నాడు. అక్కని ఎక్కించుకుంటే ఆయన ఇచ్చిన మాట నేను చెల్లించినట్టవుతుంది. అదొక్కటీ ఆయనకి నేను చేసి పెట్టాలా? బండి స్టార్టు చేశాను.

అక్క సీటు మీది చెయ్యి తీసి, నాకు దారి ఇచ్చి పక్కకి జరిగింది.