ఎండుమాస్టారు, మూతలేని డబ్బా

ప్రయోగశాలలో ఆయన్ని అందరూ ఎండుమాస్టారు అంటారు. వెనకాల కాదు, మొహం మీదే. ఆయనా పలుకుతాడు. పలక్క చస్తాడా! తడి కనబడితే చాలు, ఒంటికాలి మీద లేస్తాడు మరి.

ఆయన పనల్లా ఒకటే. బ్యాక్టీరియా నుంచి తీసిన ఎంజైము పొడిని నీళ్ళకి బదులు సాల్వెంటు అనే ద్రావకంలో వేసి, నూనెలోంచి వచ్చిన ఆమ్లాన్ని ఆల్కహాలుతో అతికించి, పూలవాసనొచ్చే సరుకు చేయించాలి. నీళ్ళుంటే ఆ అతుకు ఊడిపోతుందని చదువుకున్నాడు. చదువు ఒంటబట్టడం మంచిదే గానీ, మరీ ఇంతలానా? సాల్వెంటులో తేమ పీల్చే గుళికలు, పొడి డబ్బాకి బిగుతు మూత, తలుపు మీద "తడిచేతులతో రావద్దు" అని అట్టముక్క. ఇంట్లో భార్య తల తుడుచుకుంటూ ఎదురొచ్చినా రెండడుగులు వెనక్కి వేసేవాడు. "నన్నూ సీసాలో పెట్టి మూతేసెయ్యండి, ఓ పనైపోతుంది" అనేది ఆవిడ.

ఇంత చేసినా ఎంజైము ఉలకదు, పలకదు. గ్లిజరిన్ కలిపాడు, పంచదార కలిపాడు, ఉప్పులు కలిపాడు, సాల్వెంట్లు మార్చాడు. "కాస్త చెమ్మ తగలనిచ్చి చూడండి" అని పెద్దమేడమ్ ఎన్నోసార్లు చెప్పింది. వింటేగా! చివరికి ఆవిడకీ ఓపిక నశించింది. "శుక్రవారం దాకా చూద్దాం మాస్టారూ. కాకపోతే ఈ పని ఆపేసి మిమ్మల్ని స్టోరుకి పంపుతాను." జీవితమంతా ధారపోసిన పని! ఆ మాట విన్నాక ఆయనకి అన్నం సహించలేదు.

శుక్రవారం పొద్దున్న వచ్చి చూస్తే పొడి డబ్బాకి మూతే లేదు. రాత్రంతా ముసురు. మిగిలిన పొడంతా అదే, చెమ్మగిల్లి ముద్దకట్టింది. పక్క బల్ల దగ్గర పనిచేసే అమ్మాయి అప్పుడే లోపలికొచ్చింది. రోజూ నోరారా చెల్లెమ్మా అని పిలిచేవాడు. ఇవాళ చెల్లెమ్మా లేదు, తొక్కా లేదు.

"నా కొంప ముంచావు కదమ్మా! మూత పెట్టడానికి చేతులు రాలేదా?"

ఆ అమ్మాయి ఏదో చెప్పబోయింది, సందిస్తేగా! గదంతా దద్దరిల్లేలా అరిచి, పోయేది ఎలాగూ పోయిందని ఆ ముద్దనే ఆమ్లం, ఆల్కహాలు కలిపి ఉంచిన సాల్వెంటు సీసాలో పడేసి, కుర్చీలో కూలబడ్డాడు.

మధ్యాహ్నం సీసా తెరిస్తే గుప్పున పూలవాసన! పరీక్షించి చూస్తే ఆమ్లం దాదాపు అంతా సరుకైపోయింది. పెద్దమేడమ్ పరుగున వచ్చింది. "చూశారా, బొత్తిగా ఎండగడితే ఎంజైము కొయ్యబారిపోతుంది. ఒంటికి కాస్త చెమ్మ ఉంటేనే కదులుతుంది. ఇంతకీ ఆ మూత తీసిపెట్టిన పుణ్యాత్ములెవరు?"

"నేనేనండీ" అంది చెల్లెమ్మ తడుముకోకుండా. "పొద్దున్న మాస్టారే చెప్పారుగా, అందరూ విన్నారు."

గదిలో అందరూ ఘొల్లుమన్నారు. మాస్టారికి చటుక్కున గుర్తొచ్చింది. నిన్న చెల్లెమ్మ సెలవు! పొడిని ఆఖరుసారి చూసుకుని, బెంగలో మూత మరిచి ఇంటికి పోయింది తనే. ఇప్పుడు పేరు కావాలంటే పొద్దుటి అరుపులన్నీ తిరిగి మింగాలి.

"మూత వదిలేసింది నేనే" అన్నాడు. "ఆ అమ్మాయి నిన్న రానేలేదు. అన్యాయంగా తిట్టాను."

సిగ్గుతో చితికిపోయాడు. అంతకన్నా పెద్ద దెబ్బ అప్పుడు తగిలింది. ఇన్నేళ్ళూ ఆ ఎంజైము నోరు నొక్కింది సాల్వెంటు కాదు, తన జాగ్రత్తే. సీసా మీదికి వంగి చూస్తుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

చెల్లెమ్మ గభాలున వచ్చి ఆయన భుజం పట్టుకుని వెనక్కి లాగింది.

"చుక్క చాలు అన్నయ్యా! కుమ్మరించారంటే మొదటికే మోసం."