అలర్జీ గడిలో దొరికిన పిల్లలు

నేను ఒమాన్‌లో ఇరవై రెండేళ్లు నర్సుగా పనిచేశాను. అందులో చివరి తొమ్మిదేళ్లు సముద్రం ఒడ్డున ఉన్న అల్ సువైక్ ఊరి దగ్గర ఒక ఆరోగ్య కేంద్రంలో. ఇప్పుడు చెప్పబోయేది కొవిడ్ సద్దుమణిగాక వచ్చిన ఒక చలికాలం సంగతి. అప్పటికి నేను సీనియర్ స్టాఫ్ నర్సుని, ట్రయాజ్ గదికి ఇన్‌ఛార్జిని. డాక్టరు దగ్గరికి పంపే ముందు రోగి బరువు, జ్వరం, నాడి, ఒంట్లో ఆక్సిజన్ చూసి కంప్యూటర్లో ఎక్కించే చోటును ట్రయాజ్ అంటారు. ఎవరు ముందు లోపలికి వెళ్లాలో తేల్చేదీ అక్కడే. డాక్టర్లు ఒప్పుకోరు గానీ, సగం వైద్యం ఆ బల్ల దగ్గరే అయిపోతుంది.

ఆ నవంబరులో డాక్టర్ సల్మా నన్ను తన గదికి పిలిచారు. ఆవిడ ఒమానీ, ఫ్యామిలీ ఫిజీషియన్, వయసులో నాకంటే పదిహేనేళ్లు చిన్న. ఏ సంగతినైనా "ఎందుకు?" అని మూడుసార్లు అడిగితే గానీ వదలరు. పిల్లల ఉబ్బసం మీద ఒక అధ్యయనం మొదలుపెడుతున్నానని చెప్పారు. ఇల్లిల్లూ తిరగనక్కర్లేదు. ఏళ్ల తరబడి వచ్చిన పిల్లల వివరాలన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయి కనుక వాటిని తీసి, ఏ పిల్లలకు ఉబ్బసం ఉంది, ఏ నెలల్లో ఎక్కువవుతుంది, ఎవరికి సరైన మందు అందుతోంది అని చూస్తారు. పరిశోధనలను చూసే కమిటీ అనుమతి ఉంది. పేర్లూ ఫోన్ నంబర్లూ తీసేసి వయసు, ఆడో మగో, వచ్చిన తేదీలు, జబ్బు కోడ్, మందులు మాత్రమే ఇస్తారు. ప్రతి జబ్బుకీ ఒక కోడ్ ఉంటుంది. డాక్టరు ఆ కోడ్ ఎంచుకుంటేనే కంప్యూటరుకి ఆ జబ్బు ఉన్నట్టు తెలుస్తుంది. వచ్చిన జాబితా మేం రోజూ చూసేదానికి సరిపోతోందో లేదో చెప్పడం నా పని.

వారం తర్వాత జాబితా వచ్చింది. మొత్తం రెండు పేజీలు. నాకు నవ్వాగలేదు. చలికాలంలో పొద్దున్న ఎనిమిది కొట్టకముందే మా నెబులైజర్ గదిలో కుర్చీలన్నీ నిండిపోతాయి. మందును పొగమంచులా చేసి మాస్కులోంచి పీల్పించే గది అది. ఆ జాబితా చూస్తే మాత్రం మా ఊరి పిల్లలకు ఉబ్బసమంటే ఏమిటో తెలియదనుకోవాలి.

"సముద్రపు గాలి మహిమేమో సిస్టర్," అన్నారు సల్మా. ఆవిడా నవ్వుతున్నారు గానీ కళ్లు జాబితా మీదే ఉన్నాయి.

నేను మరియం కోసం వెతికాను. ఏడేళ్ల పిల్ల. వాళ్ల నాన్నకి ఖర్జూరం తోట ఉంది. నెలకోసారైనా ఆయాసంతో వచ్చి, గోడవారన కుర్చీలో కూర్చుని తన మాస్కు తనే పట్టుకునేది. పక్కన చిన్నపిల్లలెవరైనా ఏడిస్తే "ఏడిస్తే మందు బయటికి పోతుంది" అని పెద్దరికం చేసేది. కాస్త తేరుకోగానే ఇంటికి వెళ్లేది. మళ్లీ నెలకి మామూలే. ఫైల్లో ఉబ్బసం అని రాసి ఉన్న పిల్లలకు రోజూ పీల్చే నివారణ మందు ఇస్తారు, తేదీ వేసి మళ్లీ రమ్మంటారు. ఈ పిల్లకు ఎప్పుడూ మాస్కు తప్ప ఇంకేమీ అందలేదు. జాబితాలో పేర్లు లేకపోయినా, అన్నిసార్లు వచ్చిన ఏడేళ్ల ఆడపిల్ల వరస కనిపించాలి కదా. కనిపించలేదు.

ఎందుకు లేదో చూడాలంటే ఫైలు తెరవాలి. రోగి ఎదురుగా లేకుండా ఫైలు తెరవడం నిషేధం. తెరిచిన ప్రతిసారీ మన స్టాఫ్ నంబరు, సమయం నమోదవుతాయి. అందుకని ఆగాను. పిల్లకు బాగోక రావాలని కోరుకోకూడదు, రాకపోతే సంగతి తేలదు. ఇలాంటి ఇరకాటం నా సర్వీసులో ఇంకోటి లేదు.

పన్నెండో రోజున వచ్చింది. డొక్కలు ఎగరేస్తోంది, మాట రావడం లేదు. తల్లి బద్రియా నల్ల అబాయా అంచుతో పిల్ల నుదురు తుడుస్తూ "త్వరగా సిస్టర్, త్వరగా" అంటోంది. ముందు మాస్కు పెట్టించి, ఆక్సిజన్ నిలబడ్డాక ఫైలు తెరిచాను. జలుబు, దగ్గు, బ్రాంకైటిస్, మళ్లీ జలుబు. ఒక్కోసారి ఒక్కో డాక్టరు రాసినవి. ఉబ్బసం కోడ్ ఎక్కడా లేదు. పేజీ పైన ఎర్రరంగులో ఉండే అలర్జీ గడిలో మాత్రం "ఛాతీ అలర్జీ" అని ఇంగ్లీషులో ఉంది. పక్కన ఎక్కించినవారి స్టాఫ్ నంబరు. అది నాదే.

విషయం అంతా ఒక్క అరబ్బీ మాటలో ఉంది. హసాసియా. నిఘంటువు ప్రకారం అలర్జీ. కానీ అక్కడి తల్లులు ఉబ్బసాన్నీ హసాసియా అనే అంటారు. ఉబ్బసానికి అసలు మాట రబూ. దాన్ని నోట పలకడానికే ఇష్టపడరు. మా కంప్యూటర్లో అలర్జీ గడి నింపితే గానీ తర్వాతి పేజీ రాదు. ఏ మందైనా, తిండైనా పడదేమో రాసుకోవడానికి పెట్టిన గడి అది. మేం "హసాసియా ఉందా?" అని అడుగుతాం. మేం అడిగేది పెన్సిలిన్ గురించి. తల్లి చెప్పేది పిల్ల ఛాతీలో పిల్లికూతల గురించి. "ఉంది సిస్టర్, ఛాతీలో" అంటుంది. మేం ఒక్క ముక్కా వదలకుండా రాశామని మురిసిపోతూ ఆ గడిలో పెడతాం. డాక్టరు ఆ ఎరుపు చూసి, పడని మందు ఇవ్వకుండా జాగ్రత్తపడి, ఆనాటి దగ్గుకి కోడ్ వేస్తాడు. తిలా పాపం తలా పిడికెడు అంటారు. నా వాటా పిడికెడుతో పోయేది కాదు.

ఎందుకంటే కోస్తా నుంచి కొత్తగా వచ్చే మన అమ్మాయిల కోసం అరబ్బీ మాటల్ని తెలుగు అక్షరాల్లో రాసిన నోటుపుస్తకం నాది. అందులో "హసాసియా: అలర్జీ. అడగడం మరవొద్దు" అని రెండు గీతలు గీసి మరీ రాశాను. దాని జిరాక్సులు ఎన్ని సెంటర్లకు వెళ్లాయో నాకే తెలియదు.

నరసాపురం నుంచి వచ్చి రెండేళ్లయిన సుహాసినికి ఆ స్క్రీన్ చూపించాను. "అయ్యబాబోయ్ అక్కా! నేనూ అలాగే కొట్టుకుంటా పోయాను కదండీ. మీ పుస్తకంలో ఉందంటే బైబిల్లో ఉన్నట్టేనని బట్టీ పట్టేశాను," అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

డాక్టర్ సల్మాకి ఉన్నదున్నట్టు చెప్పాను. తిడతారనుకున్నాను. ఆవిడ కుర్చీ ముందుకు లాక్కుని "ఇంకోసారి చెప్పండి, మీరు ఏమడుగుతారు, వాళ్లేమంటారు?" అని ఆ సంభాషణ మొత్తం నాచేత రెండుసార్లు చెప్పించుకున్నారు. కమిటీకి రాసి, అలర్జీ గడిని కూడా వెతకడానికి అనుమతి తెచ్చారు. ఆ గడిలో ఛాతీ అన్న మాట ఉండి, నెబులైజర్ పెట్టించుకున్న పిల్లలందరినీ తీయించారు. హసాసియా అన్న మాటనే మేం ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాశామో అప్పుడు తెలిసింది. ఈసారి వచ్చింది రెండు పేజీలు కాదు, ఒక కట్ట. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది మా పని. అయితే వీళ్లందరికీ ఉబ్బసమని అనుకోవద్దని సల్మా హెచ్చరించారు. కొందరికి జలుబు చేసినప్పుడే కూత వస్తుంది, పెరిగేకొద్దీ పోతుంది. వాళ్లు ఇక మీద వచ్చినప్పుడల్లా ఒక్కొక్కరినీ పరీక్షించి తేల్చాల్సిందే.

మరియంని మాత్రం తేరుకున్న రోజే వారం తర్వాతికి తేదీ వేసి పంపాం. వచ్చాక, గొట్టంలోకి గట్టిగా ఊదితే ముల్లు కదిలే చిన్న పరికరం ఇచ్చి ఊదమన్నాం. మందు పీల్పించి, పావుగంట ఆగి మళ్లీ ఊదించాం. ముల్లు బాగా పైకి వెళ్లింది. మందుతో ఊపిరి అంతగా తెరుచుకుందంటే ఉబ్బసమన్నట్టే. మరియం చప్పట్లు కొట్టింది. సల్మా తల్లివైపు తిరిగి, ఇది రబూ అన్నారు.

బద్రియా ముఖం మాడిపోయింది. "లేదు, లేదు దుక్తూరా. రబూ మా అత్తకి ఉండేది. మా పిల్లకి ఒట్టి హసాసియా. ఆ మాట కాగితం మీద పడిందంటే బళ్లో పరిగెత్తనివ్వరు. రేపు పెళ్లి మాటలప్పుడు నలుగురూ అదే తవ్వుతారు," అని సంచి సర్దుకుని లేచింది.

ఆ గుమ్మం దాటితే ఆ పిల్ల మళ్లీ నెలకోసారి మాస్కుకే వస్తుంది, ఏదో ఒక నెల ఆలస్యంగా వస్తుంది. డాక్టరు మాట్లాడుతుండగా నర్సు కల్పించుకోకూడదు. నేను కల్పించుకున్నాను. వచ్చీరాని అరబ్బీలో మా పిన్ని గురించి చెప్పాను. ఆమెకి ఉబ్బసం. మా ఇంట్లో ఎవరూ ఆ మాట అనేవారు కాదు, ఆయాసం అనేవారు.

"పెళ్లయిందా ఆమెకి?" అంది బద్రియా.

"అయింది. ఇద్దరు పిల్లలు."

"మరి మందు వాడిందా?"

"లేదు. ఆయాసానికి మందెందుకన్నారు. నలభై దాటకుండానే పోయింది."

బద్రియా సంచి కింద పెట్టి కూర్చుంది. "మీరు రాసేది రాసుకోండి దుక్తూరా. ఇంట్లో నేను హసాసియా అనే అంటాను," అంది.

"అను. ఏ పేరు పెట్టినా రెండు పూటలా పీల్పించు," అని సల్మా కోడ్ వేశారు.

ఆ తర్వాత మరియం తేదీ ప్రకారం మందుకే వచ్చింది. నెబులైజర్ గదికి ఆ చలికాలమంతా రాలేదు. ట్రయాజ్‌లో మా ప్రశ్న కూడా మార్చాం. పడని మందు ఏదైనా ఉందా అని ఒకసారి, రాత్రుళ్లు దగ్గు, ఛాతీలో కూత ఉన్నాయా అని ఇంకోసారి అడగడం మొదలుపెట్టాం.

వైద్య రికార్డులో రాసినదాన్ని చెరపడానికి వీల్లేదు. పాత ఎంట్రీ అలాగే ఉంచి, తప్పు ఎందుకు జరిగిందో రాసి, కొత్తది చేర్చాలి. పిల్లలు వచ్చినప్పుడల్లా నావి ఒక్కొక్కటిగా దిద్దుతూ వచ్చాను. రోగి అన్న మాటకు నాకు తెలిసిన అర్థమే రాసేసి, పని పూర్తిచేశాననుకోవడం నా తప్పు. ఆ మాటతో వాళ్లేం చెబుతున్నారని ఇంకో ప్రశ్న వేసి ఉంటే సరిపోయేది. నేను రిటైరయ్యే నాటికి కొందరు పిల్లలు ఇంకా రాలేదు. వాళ్ల ఫైళ్లలో ఆ గడి నేను నింపినట్టే ఉండి ఉంటుంది.