జరీ జుట్టు దళపతి

మా బావ, అంటే అక్క మొగుడు, తిరువళ్ళూరులో ఉంటాడు. మేము తిరుత్తణిలో. ఇద్దరం సంసారాలున్న మగవాళ్ళమే అయినా ఆదివారమొస్తే ఆయనింటి భోజనాల బల్ల మీద యుద్ధం చేసుకుంటాం. వేలెడంత ప్లాస్టిక్ సైనికులు ముక్కలుగా పెట్టెలో వస్తారు. వాళ్ళను అతికించి, మనకు నచ్చినట్టు మార్చి, రంగులేసి, టేపుతో దూరం కొలుచుకుంటూ పాచికలతో ఆడాలి. ఈ పిచ్చి నాకంటించింది బావే. ఆయన రాక్షస సైన్యం నా గుర్రపు దళాన్ని తొక్కని ఆదివారం లేదు. చివరికి ఒకరోజు, "నీ గుర్రాలు గడ్డి మేసేదానికి తప్ప దేనికీ పనికిరావబ్బా, వేరే పటాలం చూసుకో పో" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

ఆ సాయంత్రమే ఫోన్లో కొత్త పటాలాలు చూడటం మొదలుపెట్టాను. మాది నేతగాళ్ళ ఇల్లు. నేను ఆఫీసులో పడ్డాను గానీ అమ్మ ఇంకా మగ్గం వదల్లేదు. రంగూ రకమూ ఎంచే పని ఏదైనా సరే, మా ఇంట్లో ఒక్కరి నిర్ణయంతో జరగదు. అమ్మ ఒక పక్క, నా భార్య ఒక పక్క చేరారు.

అస్థిపంజరాల సైన్యం చూపించాను. "శవాలను ఇంట్లోకి తెస్తావా? సావు తప్పి లేచినోడివి నువ్వు" అంది అమ్మ. ఎలుక మనుషుల సైన్యం చూపించాను. "మగ్గం గుంటలో వుండే ఎలకలు సాలవా? మల్లా రంగులేసి వేరే సాకతావా?" అంది నా భార్య. ఇక మిగిలింది ఎల్ఫులు, ఇంగ్లీషు కథల్లోని అడవి దేవతలు. పొడవు చెవులు, సన్నటి నడుము, వీపు మీద పారాడే జుట్టు. "వీళ్ళు సక్కంగా వుండారు" అని ఇద్దరూ ఒప్పుకున్నారు. నాకైతే ఆ జుట్టు చూడగానే మనసు పోయింది.

జుట్టంటే నాకెందుకంత పట్టింపో చెప్పాలి. నాకు డెంగీ వచ్చి ఆసుపత్రిలో పడున్నప్పుడు, బిడ్డ బతికితే తల నీలాలిప్పిస్తానని అమ్మ మా తిరుత్తణి కొండ మీది సామికి మొక్కుకుంది. నేను బతికాను, మొక్కు మిగిలిపోయింది. ఆ కొండ మా గుమ్మంలోంచి కనబడుతుంది. ఎక్కడెక్కడివాళ్ళో కావళ్ళెత్తుకొని వచ్చి గుండ్లతో దిగి పోతుంటారు. కొండ కింద ఉన్న నేను మాత్రం ఆఫీసులో ఆడిట్ అనీ, ఎండలనీ, ఎవరిదో పెళ్ళనీ వాయిదాలు వేస్తూ వచ్చాను. అసలు సంగతి, నడినెత్తిన పలచబడింది. తీసేస్తే మళ్ళీ రాదేమోనని భయం. అమ్మ ఎప్పుడూ పోరలేదు. కానీ నేను తుమ్మితే చాలు, మగ్గం టక్కున ఆగేది. మొక్కు తీరలేదన్న భయంతో అమ్మ కొండ వైపు తిరిగి చెంపలేసుకునేది. ఆ కాసేపూ ఆమె మొహం చూడలేక నేను వీధిలోకి పోయేవాణ్ణి.

సరే, ఎల్ఫులొచ్చారు. అచ్చులో పోసిన ప్లాస్టిక్ జుట్టు నా కంటికి ఆనలేదు. బ్లేడుతో మొత్తం గీకేసి, నున్నటి తలలకు అమ్మ మగ్గం కింద పడే నూలు ముక్కలతో నిజమైన జుట్టు పెడదామనుకున్నాను. ఆవాల పసుపు, ఇటుక ఎరుపు, నెమలి నీలం, ఒక్కొక్కడికీ ఒక్కో రంగు. వంకర పోకుండా ఉండాలని, మగ్గం మీది పడుగు నూలుకు పెట్టినట్టే చిక్కగా గంజి పెట్టాను. దళపతికి మాత్రం జరీ పోగులు. జరీ దానంతటదే నిలబడింది కాబట్టి గంజి అవసరం పడలేదు. అందరినీ కిటికీ గూట్లో ఆరబెట్టి, బావ మొహం ఎలా మాడిపోతుందో తలుచుకుంటూ హాయిగా నిద్రపోయాను.

గంజి పెట్టిన నూలును ఏ నేతగాడూ రాత్రిపూట ఎలుకలకందేలా వదలడు. మా నాన్న దగ్గర గంజి పెట్టడం వరకే నేర్చుకున్నాను. తెల్లారి చూస్తే గూట్లో పటాలమంతా గుండ్లతో నిలబడి ఉంది.

"ఎలకల పటాలం వద్దంటిని కదా, పిలవకుండానే వచ్చి గెలిచి పోయినాయి చూడు" అని నా భార్య పొట్ట పట్టుకొని నవ్వింది. అమ్మ నవ్వలేదు. ఒక్కొక్క బొమ్మనూ చేతిలోకి తీసుకొని, వేలితో తల నిమిరి పక్కన పెట్టింది. చివరకు దళపతి దగ్గర ఆగింది. వాడి జరీ జుట్టు పోగు కూడా చెదరలేదు.

"అందరూ ఇచ్చేసినారు నాయనా. ఈ దొరొక్కడే ఇయ్యలా" అంది. నా వైపు చూడనైనా చూడకుండా పోయి మగ్గంలో కూర్చుంది.

వినబడనట్టు రంగు డబ్బాలు వెతుక్కున్నాను. మళ్ళీ జుట్టు పెట్టే టైము లేక గుండ్లన్నిటికీ చందనం రంగు పూసి ఆదివారం తిరువళ్ళూరుకు తీసుకుపోయాను. పెట్టె తెరవగానే బావ కుర్చీలో కూలబడ్డాడు. "యుద్ధానికొచ్చినారా, కొండ దిగొచ్చినారా?" అని నవ్వీ నవ్వీ, తన రాక్షసులను ముందుకు జరపడమే మరిచిపోయాడు. అలా నేను మొట్టమొదటిసారి గెలిచాను. గంతులేయబోతుంటే బావ కళ్ళు తుడుచుకుంటూ దళపతిని ఎత్తి చూశాడు. "అంతా బాగుండాది గానీ, అందరికీ గుండు కొట్టించి వీడొక్కడే ఎట్ల తప్పించుకున్నాడబ్బా?"

దళపతిని లాక్కొని జేబులో వేసుకున్నాను. తిరుగు రైల్లో గాలికి జుట్టు కళ్ళ మీద పడుతుంటే తోసుకుంటూనే ఉన్నాను, ప్రతిసారీ సిగ్గేసింది. ఇంట్లో కాలు పెడుతూనే "అమ్మా, రేపు కొండకు పోదాం" అన్నాను. అమ్మ గబగబా లోపలికి పోయి పట్టుచీర తీసి మడతలు సరిచెయ్యడం మొదలుపెట్టింది.

మర్నాడు కొండ మీద క్షురకుడు నా పని ముగించాక, చొక్కా జేబులోంచి దళపతిని తీసి "ఈయనకు కూడా" అన్నాను. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. "యారు, తంబియా?" అని అరవంలో అడిగాడు. అవును, తమ్ముడే అన్నాను. ఒక్క గీతతో జరీ అంతా తీసేసి, నా తలకు రాసిన చందనంలోంచే చిటికెడు వాడికీ రాశాడు.

దర్శనం చేసుకొని మెట్లు దిగుతుంటే బోడిగుండుకు కొండగాలి తగిలి, పక్కవాళ్ళు ఉలిక్కిపడేంత పెద్దగా తుమ్మాను. తుమ్మి, అలవాటు కొద్దీ అమ్మ వైపు చూశాను. ఆమె మెట్ల పక్కన పూలమ్మాయితో బేరంలో ఉంది. కొండ వైపు తిరగలేదు, చెంపలేసుకోలేదు.

"గుడ్డ చుట్టుకో నాయనా" అని, మూర ఇంకొంచెం పొడవుగా కొలవమని ఆ అమ్మాయితో పోట్లాడుతూ ఉండిపోయింది.